మూడు మిల్లీమీటర్లు, పన్నెండు సెంటీమీటర్లు, నాలుగడుగులు

పోయిన నెల మా బావమరిది కడుతున్న ఇల్లు చూడ్డానికి వెళ్లాను. మేడ మీద గదికి ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు గానీ బాల్కనీ మాత్రం టైల్స్‌తో సహా పూర్తయింది. తలుపు తీసి అడుగు బయట పెట్టగానే ఎదురుగా 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను. మూడు అల్యూమినియం తీగలు, మీద ఏ తొడుగూ లేదు.

"ఇదేంట్రా, ఇంత దగ్గరగా ఉంది?" అన్నాను.

"మూడడుగులుంది బావా. పట్టుకుంటే కదా షాక్ కొట్టేది."

మూడడుగులని నీకెలా తెలుసు అని అడిగితే, మేస్త్రి దగ్గర స్టీలు టేపు తీసుకుని, పిట్టగోడ మీద మోచెయ్యి ఆనించి, తీగ వైపు చాపి చూశానన్నాడు. నాకు కాళ్లలో వణుకు వచ్చింది. స్టీలు టేపు అంత దూరం చాపితే కొస బరువుకి కిందికి వాలుతుంది, చెయ్యి కాస్త కదిలితే చాలు, అవతలి కొస జానెడు ఊగుతుంది. పైన పసుపు రంగు చూసి చాలామంది ప్లాస్టిక్ అనుకుంటారు, లోపలంతా ఉక్కే. దాని రెండో కొస వాడి చేతిలో ఉంది.

నేను ప్యానెల్ బోర్డులు తయారు చేసే పనిలో ఉన్నాను. గాలి ఎంత వోల్టేజీ ఆపుతుంది, ఎక్కడ ఓడిపోతుంది అన్నది మాకు రోజూ ఉండే లెక్క. ఆ రోజు వాడికి బాల్కనీలో కాదు, కింద హాల్లో కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

గాలి కూడా ఇన్సులేషనే, కాకపోతే దానికీ ఒక హద్దుంది. రెండు నున్నటి, చదునైన లోహపు పలకల మధ్య మామూలు గాలి మిల్లీమీటరుకి సుమారు 3000 వోల్టుల దాకా ఆగుతుంది. అది దాటితే గాలిలో ఉన్న ఒకటీ అరా ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని అణువుల్ని గుద్దుతాయి, గుద్దిన చోట ఇంకో ఎలక్ట్రాన్ ఊడుతుంది, ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, కన్ను మూసి తెరిచేలోపు ఆ గాలే కరెంటుకి దారి ఇచ్చేస్తుంది. 11 కేవీ అన్నది రెండు తీగల మధ్య లెక్క, ఒక తీగకీ నేలకీ మధ్య ఉండేది 6.35 కేవీ, దాని శిఖరం, అంటే ఏసీ అల ఎక్కువలో ఎక్కువ చేరే వోల్టేజీ, దాదాపు 9 కేవీ. అంటే కాగితం మీద లెక్కకి 3 మిల్లీమీటర్ల గాలి చాలు.

మా వాడు ఇక్కడే ఆపేసి "చూశావా మరి" అన్నాడు. ఈ లెక్క సగమే తెలిసినవాళ్లతోనే అసలు భయం. ఆ 3 మిల్లీమీటర్లు నున్నటి పలకలకి. టేపు కొక్కెం, ఊచ కొస, తెగి వేలాడే బైండింగ్ వైరు లాంటి మొనదేలిన వాటి దగ్గర విద్యుత్ క్షేత్రమంతా ఆ మొన మీదికే పోగవుతుంది, గాలి చాలా తక్కువ వోల్టేజీకే లొంగిపోతుంది. పైగా లైనులో ఎప్పుడూ 11 కేవీయే ఉండదు. ఎక్కడో మైళ్ల అవతల పిడుగు పడినా ఆ దెబ్బ తీగ వెంట పరిగెత్తుకుంటూ వస్తుంది. అందుకే ఆ తరగతి సామానుకి 75 కేవీ ఇంపల్స్ టెస్టు, అంటే పిడుగు దెబ్బ లాంటి వోల్టేజీ కొట్టి చూసే పరీక్ష, చేస్తారు, దానికి కావలసిన గాలి ఖాళీ 120 మిల్లీమీటర్లు. మూడు కాస్తా నూటఇరవై అయింది.

మనుషులు తిరిగే చోట అదీ సరిపోదు. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనూ, తర్వాత 2010లో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ తెచ్చిన రెగ్యులేషన్స్‌లోనూ ఉన్న అంకెలివి: 11 కేవీ లైను ఇంటి పక్కగా వెళ్తే అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, ఇంటి మీదుగా వెళ్తే నిలువుగా 3.7 మీటర్లు. ఆ 1.2 మీటర్లు కూడా తీగ కదలకుండా ఉన్నప్పుడు కొలిచేది కాదు, ఈదురుగాలికి అది ఊగగలిగినంత ఊగి ఇంటి వైపు వచ్చినప్పుడు మిగలాల్సిన దూరం. నిలువు దూరం కూడా అంతే, ఎండాకాలం తీగ వేడెక్కి బాగా సాగి కిందికి జారినప్పుడు చూడాలి. ఆ దూరంలో ఎక్కువ భాగం గాలి కోసం పెట్టింది కాదు, చెయ్యెత్తే మనిషి కోసం, బట్టలారేసే కర్ర కోసం, పై అంతస్తు ఎప్పుడో వేద్దామని పిల్లర్ల మీద వదిలేసిన ఊచల కోసం.

ఇంట్లో 230 వోల్టులకీ ఇదే తీరు, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లో చెప్పిన సూత్రం ప్రకారం గాలిలో సుమారు 327 వోల్టుల కన్నా తక్కువైతే ఎంత సన్నటి సందులోనూ నిప్పురవ్వ దూకదు. మన 230 వోల్టుల శిఖరం 325. అంటే గీటు మీద నిలబడింది, దానంతట అది గాలిని చీల్చలేదు. అయినా ఐఈసీ 60664 అనే అంతర్జాతీయ ప్రమాణం సర్వీసు వైరు వచ్చే మీటరు దగ్గర 5.5 మిల్లీమీటర్లు, ఇంటి బోర్డులో 3, ప్లగ్గుకి తగిలించే సామానులో 1.5 గాలి ఖాళీ ఉంచమంటుంది, ఎందుకంటే అక్కడ తట్టుకోవలసినవి వరసగా 6000, 4000, 2500 వోల్టుల సర్జ్‌లు, అంటే క్షణకాలం ఎగిసిపడే వోల్టేజీలు. ఈ అంకెలు 2000 మీటర్ల ఎత్తు దాకానే. లేహ్ లాంటి చోటికి ప్యానెల్ పంపాలంటే గాలి పలచన కాబట్టి ఖాళీ పెంచాలి, 3000 మీటర్ల దగ్గర 1.14 రెట్లు, 4000 దగ్గర 1.29 రెట్లు.

మా వాడి ఇంటికొస్తే, గోడ నుంచి లైను నిజానికి సరిపడా దూరంలోనే ఉంది. ప్లానులో లేని రెండడుగుల బాల్కనీ బయటికి లాగాడు, తప్పంతా అక్కడే ఉంది. కట్టేముందు కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా చెప్పాలని మేస్త్రీ అనలేదు, వీడికీ తట్టలేదు. లైనుకి దగ్గరగా పని చేయాల్సి వస్తే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, సరఫరా ఆపి, ఎర్త్ చేశాకే ఎవరైనా ఊచ పైకెత్తాలి. దూరం కొలవాలన్నా వాళ్లనే పిలవాలి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1912కి ఫోన్ చేయొచ్చు.

లైను జరపడానికి దరఖాస్తు ఇచ్చి వచ్చాం, ఖర్చు వాడే పెట్టుకోవాలి. ఎస్టిమేటు ఇంకా రాలేదు. బాల్కనీ తలుపుకి తాళం వేయించి తాళంచెవి మా అత్తగారి చేతికిచ్చాను, బట్టలారేసే ఇనప తీగ ఆ రోజు సాయంత్రమే పెరటి వైపుకి మార్పించాను.