తనబేలో కట్టుకున్న అన్నం ముద్దలు

జపాన్‌లోని తనబేలో రాత్రి బస చేసి, తెల్లవారి కుమనో కొదో అనే పాత యాత్రా కాలిబాట ఎక్కడానికి బయలుదేరుతూ నేనూ మా చెల్లెలూ ముందుగా వెళ్లింది దగ్గరలోని కొన్బినీకి. రాత్రింబగళ్లు తెరిచి ఉండే చిన్న దుకాణాలను జపనీయులు అలా పిలుస్తారు. బస్సు దిగి తకిజిరి దగ్గర కొండెక్కడం మొదలుపెట్టాక దారిలో ఏమీ దొరకదు కనుక, మధ్యాహ్నానికి కావలసింది ఇక్కడే తీసుకోవాలి.

శాకాహారులకు కొన్బినీలో తిండి ఎంచుకోవడం తేలిక కాదు. ఒసాకాలో దిగిన రోజున, కొంబు అనే సముద్రపు నాచు పెట్టిన ఒనిగిరి, అంటే అన్నం ముద్ద, కొని సగం తిన్నాక, బసలోని అమ్మాయి పొట్లం వెనుక చదివి, అందులో కత్సువొ చేప సారం కలిసిందని చెప్పింది. ఆ రాత్రి ఇక ఏమీ సహించలేదు. పొట్లం మీది అలర్జీ పట్టికలో సాల్మన్, మెకరెల్ పేర్లు కనిపిస్తాయి గాని కత్సువొ పేరు ఉండదు కనుక, అది చూసి ధైర్యపడకూడదు, దినుసులన్నీ చదవాలి. ఆ అమ్మాయి కాగితంపై రాసి ఇచ్చిన మూడక్షరాల ఆ పేరును నేను యాత్ర పొడవునా పర్సులో ఉంచుకుని, ప్రతి పొట్లంతోనూ సరిచూసుకున్నాను.

తనబేలో అలా వెతకగా ఉమెబొషి, అంటే ఊరవేసిన ఉమె అనే పుల్లని పండు, పెట్టిన ఒనిగిరి దొరికింది. ఒక్కోటి సుమారు 150 యెన్‌లు, మూడు కొన్నాం. తకహరాకు చేరేసరికి ఆ నిట్టనిలువు ఎక్కుడుకు కాళ్లు పట్టేశాయి. ఎదురుగా కొండల వరుసలు కనిపించేచోట కూర్చుని పొట్లం విప్పాను. ఒకటి అంకె ఉన్న కొసను లాగితే పైపొర నిలువునా చీలుతుంది. రెండు, మూడు అంకెలున్న మూలలను చెరోవైపు లాగితే, అంతదాకా తడి తగలకుండా రెండు పొరల నడుమ దాగిన నోరి అనే ఎండు నాచు రేకు అన్నాన్ని చుట్టుకుంటుంది. పొద్దున కొన్న ముద్ద మధ్యాహ్నం కూడా కరకరలాడింది. ఒక్క రేకు మెత్తబడకుండా ఇంత ఆలోచన పెట్టినవారిని మనసారా మెచ్చుకున్నాను.

ముద్ద నడుమ ఎర్రని ఉమె పండు, ఉప్పగా, నోరు ఊరేంత పుల్లగా ఉంది. జపాన్‌లో ఉమె అన్నిటికన్నా ఎక్కువగా పండేది ఈ వకయామా ప్రాంతంలోనే. ఉమెకు పేరుపడ్డ మినబే అనే ఊరు తనబే పక్కనే ఉంది. పండ్లను ఉప్పులో ఊరవేసి, వానాకాలం వెళ్లాక ఎండబెడతారు. ఊరిన రసాన్ని పారబోయక ఉమెజు అని వేరుగా దాచుకుంటారు. మా అమ్మ మాగాయ ముక్కలను ఉప్పులో ఊరవేసి, ఊట పిండేసి, డాబా మీద ఎండబెట్టి, ఊటను జాడీలో భద్రపరిచే పద్ధతీ ఇదే.

"అక్కా, పెరుగన్నంలో నంజుకుంటే ఇదెంత బాగుంటుందో!" అంది చెల్లెలు. చద్దన్నంలో మాగాయ కలిపి అమ్మ చేతిలో పెట్టిన ముద్దలు ఇద్దరికీ గుర్తొచ్చి కాసేపు మాట్లాడుకోలేదు.

ఖాళీ పొరలను మడిచి సంచిలో వేసుకున్నాం; ఈ దారిలో ఎవరి చెత్త వారే మోసుకెళ్లాలి. మూడో ముద్దను మాత్రం చికత్సుయు చేరేదాకా ముట్టుకోలేదు. అక్కడ సాయంత్రం టీతో చెరిసగం తిన్నాం.