బెజవాడ నుంచి పాంగాంగ్ దాకా: కొండ ప్రయాణానికి బీమా ఎలా చూసుకున్నాం

విజయవాడ సముద్రమట్టానికి ముప్పై మీటర్ల ఎత్తు కూడా ఉండదు. లద్దాఖ్‌లోని లేహ్ 3,500 మీటర్లు. సాయంత్రం గన్నవరంలో విమానమెక్కి, రాత్రికి ఢిల్లీలో ఆగి, తెల్లవారుజామున లేహ్ విమానం పట్టుకుంటే మర్నాడు పొద్దుటికల్లా ఒళ్లు అంత పైకి చేరిపోతుంది. అక్కడి గాలి ఒత్తిడి మన ఊళ్లో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ మీద రోజూ అయిదు కిలోమీటర్లు నడిచే మనిషికైనా అక్కడ మొదటి రోజు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటాయి. కొద్దిమందికి మాత్రం ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది.

అందుకే బీమా దగ్గర మేము మొదట పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. ఎత్తు వల్ల జబ్బు చేస్తే ఈ పాలసీ డబ్బు కడుతుందా, కట్టదా?

గవర్నర్‌పేటలో ఒక ఆఫీసుకు వెళ్లి అడిగాం.

"మొత్తం ట్రిప్ కవర్ అవుతుందండి. అయిదు లక్షలు," అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు.

"ఏ సందర్భంలో అయిదు లక్షలు బాబూ?"

"యాక్సిడెంట్ అయితేనండి."

"యాక్సిడెంట్ కాదు, కొండ మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో పడితే?"

అతను బ్రోచర్ అటూ ఇటూ తిప్పి, లోపల పెద్దాయన్ను అడిగి వస్తానని లేచాడు. పాలసీ వర్డింగ్, అంటే షరతులన్నీ ఉన్న అసలు పత్రం, మెయిల్ చేయమని చెప్పి వచ్చేశాం. ఏ కంపెనీ దగ్గరికి వెళ్లినా ఇదే పద్ధతి మంచిది. బ్రోచర్ చూసి కొనకూడదు, వర్డింగే చదవాలి.

ప్రమాదానికి ఈ పాలసీలు ఇచ్చే నిర్వచనం ఇలా ఉంటుంది: హఠాత్తుగా, అనుకోకుండా, మన ప్రమేయం లేకుండా, బయటినుంచి, కంటికి కనిపించేలా, బలంగా జరిగిన సంఘటన. కారు బోల్తా పడితే ఇందులోకి వస్తుంది. ఎత్తు వల్ల వచ్చిన ఊపిరితిత్తుల వాపు రాదు, అది జబ్బు కిందే లెక్క. కాబట్టి టికెట్ బుక్ చేసేటప్పుడు కింద టిక్ పెట్టి తీసుకునే చవక బీమాలో ఉన్నది ప్రమాద కవర్, సామాను పోతే ఇచ్చే డబ్బు మాత్రమే అయితే, లద్దాఖ్‌లో ఎక్కువమందికి వచ్చే ఇబ్బందికి అది పనికిరాదు.

జబ్బుకు పనికొచ్చేది మామూలు ఆరోగ్య బీమా. లద్దాఖ్ మన దేశంలోనే ఉంది గనక ఇంట్లో ఉన్న మెడిక్లెయిమ్ అక్కడా చెల్లుతుంది. పాతది ఏటా రెన్యువల్ అవుతూ ఉంటే అంతకంటే మంచిది లేదు. ప్రయాణం కోసమని పది రోజుల ముందు కొత్తది కొంటే చిక్కే, ఎందుకంటే మొదటి 30 రోజుల్లో వచ్చే జబ్బులకు కట్టరు, ప్రమాదానికి మాత్రమే కడతారు. కొండ జబ్బు మళ్లీ ఆ గీతకు అవతలే పడుతుంది. కొత్త పాలసీ అయితే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు తీసుకోవాలి. ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీల్లో సాధారణంగా ఈ 30 రోజుల ఆగుడు ఉండదు. కానీ అందులో అమ్మానాన్నల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మాతో వచ్చిన మా బావగారిది గుంటూరు బ్రాడీపేట. ఆయనకు షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. ముందునుంచీ ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్‌ను (డబ్బు కట్టకుండా ఆగే గడువును) గరిష్ఠంగా మూడేళ్లకు 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించింది, అంతకుముందు నాలుగేళ్లు ఉండేది. ఆయన పాలసీ ఆ గడువు దాటింది, పాలసీ కొనేటప్పుడు నింపిన ప్రపోజల్ ఫారంలో షుగర్ సంగతి రాసే ఉంది. అది రాయని పాలసీని నమ్ముకోలేం. కొండమీద గుండెకో ఊపిరితిత్తులకో ఏదైనా అయితే డిస్చార్జ్ సమ్మరీలో మొదటి వరుసలోనే డాక్టరు "షుగర్ పేషెంట్" అని రాస్తాడు. క్లెయిమ్ చూసేవాడు ఆ మాటను తీసుకెళ్లి ఫారంతో పోలుస్తాడు.

సాహస క్రీడల మినహాయింపును చూసి చాలామంది భయపడతారు. ఆరోగ్య బీమాలో ఇది 09వ నంబరు కోడ్‌తో అన్ని కంపెనీల పాలసీల్లోనూ ఒకే మాటల్లో ఉంటుంది. పర్వతారోహణ, రాఫ్టింగ్ వగైరాల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నందువల్ల వచ్చిన ఖర్చు కట్టమని దాని సారం. 'ప్రొఫెషనల్‌గా' అన్న ఆ ఒక్క మాట మన పక్షాన ఉంది. ట్రావెల్ పాలసీలు అలా కాదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా రాస్తుంది. కొన్నింట్లో ట్రెక్కింగే మినహాయింపు, కొన్నింట్లో తాడు, గైడు కావలసిన ఎక్కుడు మాత్రమే మినహాయింపు. వర్డింగ్ పీడీఎఫ్‌లో ఆల్టిట్యూడ్, ట్రెక్కింగ్, మౌంటెనీరింగ్, హజార్డస్, ఎవాక్యుయేషన్ అన్న మాటలు ఒక్కొక్కటే వెతికి చదివితే అరగంట పని. అనుమానం ఉన్నచోట కంపెనీకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాం. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున నిలబడదు.

టికెట్ల సంగతికి వస్తే, ట్రావెల్ పాలసీ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే నడుస్తాయి. ఎండెక్కేకొద్దీ గాలులు, వేడి పెరిగి ఆ ఎత్తులో విమానం లేవడం కష్టమవుతుంది. పొద్దున మబ్బు కమ్మితే ఆ రోజు విమానం రద్దయినట్టే. లేహ్–ఢిల్లీ ఒక పీఎన్ఆర్, ఢిల్లీ–విజయవాడ ఇంకో పీఎన్ఆర్ అయితే, మొదటిది రద్దయినప్పుడు రెండో ఎయిర్‌లైన్‌కు సంబంధం ఉండదు, టికెట్ నో-షో కింద పోతుంది. ఒకే పీఎన్ఆర్ మీద తీసుకుంటే ఆ తలనొప్పి ఎయిర్‌లైన్‌ది. మాకు అలా కుదరలేదు కాబట్టి మిస్డ్ కనెక్షన్ (తర్వాతి విమానం తప్పిపోవడం), ట్రిప్ ఇంటరప్షన్ (ప్రయాణం మధ్యలో ఆగిపోవడం) రెండూ ఉన్న దేశీయ ట్రావెల్ పాలసీ విడిగా తీసుకున్నాం. ఎన్ని గంటల ఆలస్యం దాటితే లెక్కలోకి తీసుకుంటారో, వాతావరణం కారణంగా ఒప్పుకుంటారో లేదో అందులో చూడాలి. రద్దయితే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో కారణం రాసిన సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి, ఊరికి వచ్చాక అది దొరకడం కష్టం.

లేహ్‌లో దిగాక రెండు రోజులు ఎక్కడికీ కదలకూడదు, ఇందులో బేరం లేదు. కొండ జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర డాక్టరును అడిగే వేసుకోవాలి. సాధారణంగా రాసేది 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

లేహ్‌లో పెద్ద దిక్కు సోనమ్ నోర్బూ మెమోరియల్ ఆస్పత్రి, అక్కడి వాళ్లు ఎస్ఎన్ఎం అంటారు. ప్రభుత్వ ఆస్పత్రి, ఖర్చు పెద్దగా ఉండదు. తలనొప్పితో వచ్చినవాళ్లకు కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టి, తేరుకున్నాక పంపించేస్తారు. ఇక్కడే బీమా మెలిక ఉంది. ఆరోగ్య బీమాలో ఆస్పత్రిలో చేరడం అంటే కనీసం 24 గంటలు ఇన్‌పేషెంట్‌గా ఉండడం. ఆరు గంటల ఆక్సిజన్‌కు ఓపీడీ (ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం) కవర్ ఉంటే తప్ప డబ్బు రాదు. హోటల్ గదికి తెప్పించుకున్న సిలిండర్ అద్దె, క్యాంపుకు వచ్చిన డాక్టరు ఫీజు కూడా అంతే. ఆస్పత్రి అన్న మాటకూ నిర్వచనం ఉంది. రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదా పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 పడకలు, రాత్రింబవళ్లు నర్సులు, ఆపరేషన్ థియేటర్ ఉండాలి. దారిలో కనిపించే చిన్న వైద్య కేంద్రాలు ప్రాణం కాపాడతాయి, క్లెయిమ్ కాపాడవు. అయినా వాటి దగ్గర ఆగడానికి సందేహించకూడదు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు జేబులో ఉంది కదా అని లేహ్‌లో దాన్ని నమ్ముకోవద్దు.

మేము ముందు నుబ్రా లోయకు వెళ్లాం. హుండర్ సుమారు 3,100 మీటర్లు, అంటే లేహ్ కంటే కిందే, పడుకోవడానికి ఒళ్లు ఒప్పుకుంటుంది. డిస్కిట్‌లో ఆస్పత్రి ఉంది. అక్కడినుంచి ష్యోక్ నది పక్కదారిన పాంగాంగ్ సరస్సు చేరాం, అది 4,225 మీటర్లు. ఒక్క రాత్రిలో వెయ్యి మీటర్లు పైకి వెళ్లి పడుకోవడం వైద్యులు చెప్పే లెక్కకు రెట్టింపు. 3,000 దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదంటారు. లద్దాఖ్ టూర్ ప్యాకేజీల్లో చాలావరకు ఈ లెక్క తప్పేది పాంగాంగ్ రాత్రి దగ్గరే.

సరస్సు ఒడ్డునున్న స్పాంగ్‌మిక్‌ ఊళ్లో ఆ రాత్రి బావగారికి తల దిమ్ముగా ఉందంటే వేలికి ఆక్సీమీటర్ పెట్టాం. రక్తంలో ఆక్సిజన్ 74 శాతం చూపించింది. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. చలికి వేళ్లలో రక్తం ఆడకపోతే అంకె తప్పు వస్తుంది. వేడినీళ్ల గ్లాసు పట్టుకోమని, అయిదు నిమిషాలాగి మళ్లీ పెడితే 83. అంకె ఒక్కటే చూసి తేల్చకూడదు కాబట్టి టెంటులో పరిచిన తివాచీ అంచు వెంబడి మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాం.

"తూలుతున్నానా?" అన్నారు.

"లేదు బావగారూ, బాగానే నడిచారు. కూర్చున్నప్పుడు ఆయాసం ఉందా?"

"లేదయ్యా, తల ఒక్కటే."

నడకలో తూలడం మెదడు వాపుకు గుర్తు, కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఊపిరితిత్తుల్లో నీటికి గుర్తు. ఈ రెండింటిలో ఏది కనిపించినా అప్పటికప్పుడు దిగాల్సిందే, తెల్లారేదాకా చూద్దాం అనకూడదు.

దిగడం అన్నంత తేలిక కాదు. పాంగాంగ్ నుంచి లేహ్ మామూలు దారి చాంగ్‌లా మీదుగా పోతుంది, ఆ కనుమ 5,300 మీటర్లకు పైనే. కిందికి దిగాలంటే ముందు వెయ్యి మీటర్లు పైకెక్కాలి. నుబ్రా నుంచి లేహ్ రావాలన్నా ఖర్దుంగ్‌లా అదే తంతు. లద్దాఖ్‌లోనే ఉన్న హాన్లే నుంచి అయితే ఇంత కష్టం లేదు, లోమా, న్యోమా, చుమథాంగ్, ఉప్‌షీ మీదుగా సింధు నది పక్కనే, పెద్ద కనుమ లేకుండా లేహ్ రావచ్చు.

అంచేత బండిలో ఉన్న ఆక్సిజన్ ఎంతసేపు వస్తుందో డ్రైవర్‌తో పాటు కూర్చుని లెక్క వేశాం. బీ-టైప్ సిలిండర్ నిండుగా ఉంటే సుమారు 1,500 లీటర్లు. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు, నాలుగు చొప్పున ఆరు గంటలు. బజారులో అమ్మే డబ్బాల్లో ఉండేది పది లీటర్ల లోపే, అయిదు నిమిషాలకు ఖాళీ. సిలిండర్ ఉంటే చాలదు, మీటర్‌లో ముల్లు ఎక్కడుందో, మాస్క్, ట్యూబు ఉన్నాయో లేదో బయల్దేరే ముందే తిప్పి చూడాలి. బీమా కంటే ఇది ముందు.

ఇంతకీ ఆ దారిలో మనల్ని దించే టాక్సీకి బీమా డబ్బు వస్తుందా అంటే, రాదు. అంబులెన్స్ కవర్ రిజిస్టరైన అంబులెన్స్‌కే, అదీ చాలా పాలసీల్లో కొన్ని వేల రూపాయల పరిమితితోనే ఉంటుంది. ఎయిర్ అంబులెన్స్ అనగానే హెలికాప్టర్ సరస్సు ఒడ్డున దిగుతుందనుకుంటారు. లద్దాఖ్‌లో మారుమూల నుంచి ప్రాణాపాయంలో ఉన్నవాళ్లను తెచ్చేది చాలావరకు సైన్యం, వైమానిక దళం, అదీ అధికార యంత్రాంగం ద్వారా. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే వచ్చేది కాదు. ఎయిర్ అంబులెన్స్ కవర్ పనికొచ్చేది లేహ్ నుంచి ఢిల్లీకో చండీగఢ్‌కో తరలించేటప్పుడు. దాని ఖర్చు లక్షల్లో ఉంటుంది. వైద్యం చేస్తున్న డాక్టరు అవసరమని రాసివ్వాలి, కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి, సబ్ లిమిట్ (ఆ ఒక్క ఖర్చుకు పెట్టిన పరిమితి) ఎంతో చూసుకోవాలి.

కంపెనీకి ఫోన్ చేయాలన్నా సిమ్ పనిచేయాలి. మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో మూగబోతాయి, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అత్యవసరంగా చేరితే చాలా పాలసీల్లో 24 గంటల్లో తెలియజేయాలన్న షరతు ఉంటుంది. అందుకే పాలసీ నంబరు, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇంటి దగ్గర ఉన్న మా అక్కకు కూడా ఇచ్చాం. ఇంటివాళ్లు తెలియజేసినా చెల్లుతుంది.

లేహ్‌లో బుల్లెట్ అద్దెకు తీసుకునే కుర్రాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. బండి కాగితాల్లో కనిపించే 15 లక్షల తప్పనిసరి ప్రమాద కవర్ బండి యజమానికి, అద్దెకు నడిపేవాడికి కాదు. వీళ్లకు సొంత వ్యక్తిగత ప్రమాద పాలసీ ఉండాలి. గేర్ బండి లైసెన్సు లేకపోయినా, తాగి నడిపినా అదీ చెల్లదు.

నేపాల్ వైపు వెళ్లేవాళ్లకు ఇదంతా వేరు. మన మెడిక్లెయిమ్ సాధారణంగా దేశం దాటదు. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్లు, కైలాస పరిక్రమలో డోల్మాలా 5,630. విదేశీ ప్రయాణ పాలసీలో ఎత్తు పరిమితి 4,500 అని ఉంటే రెండింటికీ చాలదు. హెలికాప్టర్ పిలిచే ముందే బీమా కంపెనీ సహాయ కేంద్రం అనుమతి తీసుకోవాలి. అవసరం లేకుండా ట్రెక్కర్లను దింపి బిల్లులు పెట్టిన వ్యవహారంపై నేపాల్ ప్రభుత్వం 2018లో విచారణ జరిపింది. అప్పటినుంచి కంపెనీలు ఈ బిల్లులను గట్టిగానే చూస్తున్నాయి.

కాగితాల దగ్గరికొస్తే, లేహ్ లాంటి చోట క్యాష్‌లెస్ మీద ఆశ పెట్టుకోకూడదు. ముందు మనం కట్టి, తర్వాత రాబట్టుకోవాలి. డిస్చార్జ్ సమ్మరీలో చేరిన సమయం, వెళ్లిన సమయం, చేరినప్పటి ఆక్సిజన్ శాతం, జబ్బు పేరు ఉండాలి. 'బ్రీత్‌లెస్‌నెస్' అని వదిలేస్తే ప్రశ్నలొస్తాయి, హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడిమా అయితే ఆ పేరే రాయించుకోవాలి. బిల్లులు, మందుల చీటీలు, ఎక్స్‌రే అసలువి పంపేముందు ప్రతిదానికీ జిరాక్సు తీయించాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు పరిష్కరించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఫిర్యాదుకు తిరస్కరణ లేఖ, డిస్చార్జ్ సమ్మరీ, పాలసీ వర్డింగ్, ప్రయాణానికి ముందు కంపెనీ ఇచ్చిన మెయిల్ జవాబు జతచేయాలి.