ఎఫ్‌సి-150 పికప్: నాకింగు, బ్యాక్‌ఫైరు ఎక్కడివరకు వచ్చాయంటే

బండి మహీంద్రా ఎఫ్‌సి-150. పెట్రోలు హరికేన్ ఇంజను, 2.2 లీటర్లు. మాసబ్‌ట్యాంక్ నుంచి బంజారాహిల్స్ ఎక్కుతుంటే టాప్ గేరులో డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టు గలగలమంటోంది, ఇదే నాకింగు. పైకెక్కి యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలుళ్లు, అదే బ్యాక్‌ఫైరు. ఒక్కసారిగా తొక్కితే కార్బురేటర్ కూడా తుమ్ముతోంది.

చూసిన మెకానిక్కులందరిదీ ఒకటే మాట: "టైమింగ్ కాస్త వెనక్కి తిప్పేద్దాం సార్." అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయాన్ని ఆలస్యం చేయడం. తిప్పితే నాకింగు తగ్గుతుంది, నిజమే. కానీ మంట ఆలస్యమై, ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్నాక కూడా మండుతూ ఉంటుంది, పేలుళ్లు పెరుగుతాయి. ఒక జబ్బు దాచి ఇంకొకటి పెంచే వైద్యం నాకొద్దు.

నిప్పురవ్వ కోసం కరెంటు తెంచే పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ప్లగ్గులది 0.030, రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఐడిల్‌లో టైమింగ్ లైటు పెడితే టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) 5 డిగ్రీల ముందు, అదీ సరైనదే. రేజ్ చేస్తే అడ్వాన్సు (ఆ ముందు డిగ్రీలు) సాఫీగా పెరిగి, వదలగానే దిగుతోంది. కంప్రెషన్ నాలుగింటిలోనూ దాదాపు సమానం. ప్లగ్గులు మాత్రం తెల్లగా పాలిపోయి ఉన్నాయి. లేత గోధుమ రంగులో ఉండాలి. అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ.

వైపర్ గొట్టం తీసి అక్కడ ఇంజను పీల్పును కొలిచే వాక్యూమ్ గేజి తగిలించాను. పుస్తకాల్లో రాసే 17–21 అంగుళాలు (పాదరసం) సముద్రమట్టం లెక్క. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి హైదరాబాద్‌లో 16 దాటితే సంతోషించవచ్చు. నాకు వచ్చింది 13, ముల్లు కదలకుండా. ముల్లు నిలకడగా ఉండి తక్కువ చూపిస్తే టైమింగ్ ఆలస్యమైనా కావాలి, ఎక్కడో గాలి దూరుతూనైనా ఉండాలి. టైమింగ్ ముందే చూశాను.

ఈ ఇంజనుకు ఇన్‌టేక్ మ్యానిఫోల్డు (కార్బురేటర్ నుంచి మిశ్రమం వెళ్లే గొట్టాలు) విడిగా లేదు, హెడ్డులోనే పోత పోశారు. కాబట్టి వెతకాల్సిన చోట్లు తక్కువ. సీట్ల మధ్య ఇంజను మూత ఎత్తి, స్ప్రే సీసాతో మామూలు నీళ్లే కొట్టాను. వేడి ఎగ్జాస్ట్ పక్కన కార్బురేటర్ క్లీనర్ చల్లే ధైర్యం నాకు లేదు. కార్బురేటర్ అడుగు ప్యాకింగ్ దగ్గర ఏ మార్పూ లేదు. థ్రాటిల్ షాఫ్టు (కార్బురేటర్‌లో యాక్సిలరేటర్‌తో తిరిగే రేకు ఇరుసు) మీద పడగానే ఐడిల్ మారింది. వేలితో కదిపితే షాఫ్టు అటూ ఇటూ ఆడుతోంది.

రాణిగంజ్‌లో లేత్ షాపులో ఇత్తడి బుష్షు వేయించాను. ప్యాకింగు ఎలాగూ ఊడింది కాబట్టి కొత్తది వేశాను. గేజి 17కు వచ్చింది, తుమ్ములు పోయాయి. ఎండవేళ బరువుతో ఎక్కితే మాత్రం గలగల కొంచెం మిగిలింది.

దానికి ఇ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) ఆక్టేన్‌ను, అంటే నాకింగును తట్టుకునే గుణాన్ని తప్పుపట్టలేం, ఇథనాల్ దాన్ని పెంచుతుంది. కానీ మామూలు పెట్రోలుకు గాలి 14.7 వంతులు సరిపోతే, ఇ20కి సుమారు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే పాత జెట్టుకు ఈ సంగతి తెలియదు. మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాక గలగల ఆగింది, ప్లగ్గులకు రంగు వచ్చింది.

యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఒకటి రెండు పేలుళ్లు ఇంకా ఉన్నాయి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డు వెనుక చివర నల్లటి మసి చార కనిపించింది, అంటే అక్కడ లీకు ఉంది. అక్కడి ప్యాకింగు మార్చాలి. స్టడ్లు విరగకుండా ఉండాలని రోజూ రాత్రి తుప్పు వదిలించే నూనె పోస్తున్నాను.