ఎన్నిస్ లో నైట్రో పొగ, మా బావమరిది టీవీ రేసులు

డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి ఎన్నిస్ అంటే ఏప్రిల్ లో బ్లూబానెట్ పూలు, పిల్లలకి పట్టులంగాలు కట్టి ఆ పూల మధ్య కూర్చోబెట్టి తీసే ఫోటోలు, అంతే. అదే ఊరి పక్కన 287 హైవే మీద టెక్సస్ మోటార్‌ప్లెక్స్ అనే రేస్ ట్రాక్ ఉందని, అక్టోబర్ లో అక్కడ డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వాళ్ళ ఫాల్‌నేషనల్స్, అంటే తిన్నని ట్రాక్ మీద రెండేసి బండ్లు పక్కపక్కన పరిగెత్తే పోటీలు, జరుగుతాయని మన గ్రూపుల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. అందుకే రాస్తున్నా.

వెళ్ళడానికి కారణం మా బావమరిది. వాడికి డిస్కవరీలో 2013 లో మొదలైన స్ట్రీట్ అవుట్‌లాస్ అనే షో అంటే ప్రాణం. ఓక్లహోమా సిటీ రోడ్ల మీద రాత్రిపూట రేసులు, అక్కడి ఏరియా కోడ్ పేరు పెట్టుకున్న 405 బ్యాచ్, టాప్ టెన్ లిస్ట్, లిస్ట్ లో నీ పైనున్నవాడిని కొడితే వాడి ప్లేస్ నీది, స్టార్ట్ కి సిగ్నల్ లైట్లూ గిట్లూ ఏం ఉండవు, ఒకడు మధ్యలో నిలబడి టార్చ్ వెలిగిస్తాడు అంతే. ఎపిసోడ్లన్నీ వాడికి నోటికొచ్చు. ఇంటికొచ్చినప్పుడల్లా నాతో ఇదే గొడవ. "అసలు రేసంటే అదీ బావా, టైర్లు జారకుండా జిగురు పూసిన ట్రాక్ మీద ఎవడైనా పోతాడు" అంటాడు. సరే, ఒకసారి ఆ జిగురేంటో చూసి మాట్లాడరా అని టికెట్లు బుక్ చేశా. రేటు చూసి మా ఆవిడ ఆ డబ్బుకి నెల కూరగాయలొస్తాయి అంది, నిజమే.

శుక్రవారం మధ్యాహ్నం ఇర్వింగ్ లో బయల్దేరాం. డౌన్‌టౌన్ లో హైవేలు కలిసే మిక్స్‌మాస్టర్ దగ్గర ఎప్పుడూ ఉండే నరకమే, 35ఈ మీద వాక్సహాచీ దాకా పాక్కుంటూ వెళ్ళి 287 ఎక్కేసరికి నా మూడ్ మొత్తం పోయింది. లోపలికెళ్ళాక నిమ్మరసం గ్లాసు పది డాలర్లన్నారు, అందులో సగం ఐసే. దానికి మళ్ళీ టిప్పు అడిగే స్క్రీన్ ఒకటి.

అయితే ఒక్క విషయంలో మాత్రం ఆ టికెట్ డబ్బులు గిట్టుబాటే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ లో ఏ టికెట్ కొన్నా పిట్స్ లోకి, అంటే టీములు బండ్లు విప్పి బాగుచేసుకునే చోటుకి, పోనిస్తారు. ఇండియా టీమ్ డ్రెస్సింగ్ రూమ్ లోకి జనాన్ని వదిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మధ్యలో ఒక తాడు, తాడుకి ఇవతల మనం, అవతల నాలుగడుగుల దూరంలో టాప్ ఫ్యూయల్ అనే అన్నిటికంటే వేగమైన తరగతి బండి ఇంజన్ ముక్కలు ముక్కలుగా. అప్పుడే పరిగెత్తి వచ్చిన బండి అది. సూపర్‌చార్జర్ తీసి పక్కన పెట్టారు, హెడ్లు ఊడదీశారు, ఒకమ్మాయి మోచేతుల దాకా నూనెతో బండి కింద పడుకుని పని చేస్తోంది, ఇంకొకడు క్లచ్ డిస్కులు ఒక్కొక్కటే లైటు దగ్గర పెట్టి చూస్తున్నాడు, ఎవరూ అరవట్లేదు, ఎవరి పని వాళ్ళకి తెలుసు. నాలుగు సెకన్లు కూడా పట్టని పరుగు కోసం ప్రతిసారీ ఇంజన్ మొత్తం విప్పి మళ్ళీ కట్టాలి. గంట తిరిగేసరికి కట్టేశారు కూడా.

కట్టాక అక్కడే స్టార్ట్ చేసి చూస్తారు. నాకది తెలీదు. నా పక్కన ఓక్లహోమా నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన, డెబ్భై దాటి ఉంటాయి, జేబులోంచి నురుగు ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు తీసి మా చేతిలో పెట్టి పెట్టుకోమని సైగ చేశాడు. ముందు పెట్రోల్ తో లేపి తర్వాత ఈ బండ్ల అసలు ఇంధనం నైట్రోమీథేన్ మీదకి మార్చారు, అంతే, ఎండుమిరపకాయలు పెనం మీద మాడినట్టు ఘాటు ముక్కులోంచి కళ్ళలోకెక్కింది, నీళ్ళు ఆగవు, దగ్గు ఆగదు, అయినా అక్కడున్న ఒక్కడూ వెనక్కి పోడు. ఆ సౌండు చెవుల్లో కాదు పక్కటెముకల్లో వినిపిస్తుంది. మా బావమరిది ఫోన్ తీసి వీడియో తీస్తున్నవాడల్లా చెయ్యి కిందకి దించేశాడు. తర్వాత ఆ వీడియో చూస్తే ఏదో గడ్డి కోసే మిషన్ లాగా ఉంది సౌండు.

ఆ పెద్దాయన మమ్మల్ని వదల్లేదు, మేమూ ఆయన్ని వదల్లేదు. స్టార్ట్ లైన్ దగ్గర కనిపించే స్టాండ్స్ లోకి తీసుకెళ్ళి ఏం చూడాలో చెప్పాడు. బర్నౌట్ చేసి, అంటే టైర్లు గిరగిరా తిప్పి వేడెక్కించి, బండి వెనక్కి వస్తుంది, క్రూ వాళ్ళు వంగి కింద ఏమన్నా కారుతోందా అని చూస్తారు. స్టార్టర్, అంటే రేసు మొదలుపెట్టించే అధికారి, మెడకి అడ్డంగా చెయ్యి ఊపాడంటే ఎంత పెద్ద డ్రైవరైనా ఇంజన్ ఆపెయ్యాల్సిందే, స్పాన్సర్ ఎవరన్నది ఎవడికీ అక్కర్లేదు. మేం చూస్తుండగానే ఒకడికి అలా ఊపాడు. ఆపేశాడు, బండిని చేత్తో వెనక్కి తోసుకెళ్ళారు. తర్వాత ఇంకో బండి ట్రాక్ మీద ఆయిల్ పారబోసింది. ఇక చూడండి, ఆ కాంక్రీట్ అంతా తుడవడం, పౌడర్ చల్లడం, మళ్ళీ తుడవడం, మళ్ళీ ఆ జిగురు స్ప్రే చెయ్యడం, ట్రాక్టర్ తో టైర్లు ఈడ్చడం, చలిలో బెంచీ మీద కూర్చుని విసుగొచ్చేసింది. "టీవీలో ఇదంతా కట్ చేసేస్తారు బావా" అన్నాడు మావాడు. అదే కదరా నేను చెప్పేది అన్నా.

చీకటి పడ్డాక టాప్ ఫ్యూయల్ వచ్చింది. ఎగ్జాస్ట్ గొట్టాల్లోంచి మనిషెత్తు మంటలు. స్టార్ట్ సిగ్నల్ స్తంభం మీద పసుపు బల్బులు మూడూ ఒకేసారి వెలిగి, సెకనులో పదింట నాలుగు వంతుల తర్వాత పచ్చది, ఆ పచ్చది చూశానో లేదో కూడా చెప్పలేను. 11,000 పైన హార్స్‌పవర్, చివర్లో స్పీడు గంటకి 500 కిలోమీటర్లు దాటింది, నేను తల తిప్పేలోపు అవతల పారాచూట్లు విచ్చుకున్నాయి. మా బావమరిది ఏదో అంటున్నాడు, పెదాలు కదులుతున్నాయి కానీ ఏం వినిపించలేదు. 1988 లో ఎడ్డీ హిల్ అనే డ్రైవర్ మొదటిసారి 5 సెకన్ల లోపు పోయింది కూడా ఈ ట్రాక్ మీదేనట, పెద్దాయన చెప్పాడు, ఇంటికొచ్చి చూస్తే నిజమే.

అప్పట్లో దూరం క్వార్టర్ మైల్, 1,320 అడుగులు. ఇప్పుడు టాప్ ఫ్యూయల్ కి, నైట్రో తోనే నడిచే ఇంకో తరగతి ఫన్నీ కార్లకి 1,000 అడుగులే. 2008 జూన్ లో న్యూజెర్సీ ఇంగ్లిష్‌టౌన్ లో ఫన్నీ కార్ డ్రైవర్ స్కాట్ కలిట్టా చనిపోయాడు, నెల తిరక్కుండా దూరం తగ్గించేశారు. రూల్స్ ఉన్న చోట మనుషులు పోరని నేను అనను, పోతారు. కానీ ఒకడు పోతే దాని మీద నుంచి కొత్త రూలు పుడుతుంది. 2022 ఆగస్టులో లాస్ వేగాస్ దగ్గర స్ట్రీట్ అవుట్‌లాస్ వాళ్ళ ఇంకో సిరీస్ షూటింగ్ లో ర్యాన్ ఫెలోస్ అనే రేసర్ చనిపోయాడు, నలభై ఒక్క ఏళ్ళు, పిల్లలున్నారు. పెద్దాయన ఆ పేరెత్తగానే మావాడు తల దించుకున్నాడు, వాడికి తెలుసు. టీవీ వాళ్ళు రోడ్డు మూయించి, పర్మిషన్లు తీసుకుని, అంబులెన్స్ పెట్టి చేస్తారు, ఒప్పుకుంటా. అది చూసి నెక్లెస్ రోడ్ మీద బండి తీసేవాడికి అవేవీ కనపడవు కదా, కనపడేది టార్చ్ ఒక్కటే.

నెక్లెస్ రోడ్ అని ఊరికే అన్లేదు. మా కాలేజీ రోజుల్లో అక్కడ రాత్రుళ్ళు బైకు రేసులు జరిగేవి, మా హాస్టల్ జూనియర్ ఒకడికి కాలు పోయింది. వాడు రేసులో లేడు, ఫుట్‌పాత్ మీద నిలబడి టీ తాగుతున్నాడు. ఇప్పుడు ఆ పిల్లలు టీ-హబ్ రోడ్డుకి, ఓఆర్ఆర్ కి మారారు, బైకులు సీజ్ అనే వార్త వస్తూనే ఉంటుంది. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ ని 1951 లో వాలీ పార్క్స్ పెట్టిందే కుర్రాళ్ళని రోడ్డు మీంచి తీసుకురావడానికి. 1954 లో సేఫ్టీ సఫారీ అని కొద్దిమంది కార్లో బయల్దేరి ఊరూరా తిరిగి, పాత ఎయిర్‌స్ట్రిప్ దొరికితే అక్కడ రేసు ఎలా పెట్టాలో నేర్పారు. డెబ్భై ఏళ్ళ కింద ఆ పని చేసిన వాళ్ళంటే నాకు చాలా గౌరవం. అలాంటి సంస్థ తమ లైసెన్స్ ఉన్నవాళ్ళని స్ట్రీట్ రేసింగ్ షోలకి పోవద్దని హెచ్చరిస్తే అహంకారం అని తిట్టిన ఫ్యాన్స్ లో మావాడూ ఒకడు. చివరికి 2018 లో ఆ టీవీ వాళ్ళే నో ప్రెప్ కింగ్స్ అని పెట్టి, జిగురు పుయ్యకుండా, మామూలు డ్రాగ్ స్ట్రిప్ ల మీదకే వచ్చారు.

శనివారం గురించి చెప్పడానికేం లేదు, ఎండ. ఆదివారం ఫైనల్స్ కి టికెట్ రేట్లు చూసి ఆగిపోయాం.

తిరిగొచ్చేటప్పుడు వాక్సహాచీ దాటాక మావాడు నోరు విప్పాడు. వాడి మస్టాంగ్ ని టెస్ట్ అండ్ ట్యూన్ నైట్ కి, అంటే మామూలు జనం సొంత బండ్లు ట్రాక్ మీద నడిపి చూసుకునే రాత్రికి, తీసుకెళ్తే ఎవరైనా పరిగెత్తించొచ్చా అని. ఎవరైనా పోవచ్చు, మామూలు లైసెన్సు, సరైన బెల్టు, టెక్ ఇన్స్పెక్షన్ అనే బండి తనిఖీ, క్వార్టర్ మైల్ 13.99 లేదా అంతకంటే తక్కువ టైమ్ లో పోతే హెల్మెట్ తప్పనిసరి అని చెప్పా. వాడి బండి కచ్చితంగా ఆ లోపే పోతుంది. హెల్మెట్ కి స్నెల్ లాంటి సేఫ్టీ పరీక్ష స్టిక్కర్ ఉండాలి అంటే అక్కడే ఫోన్ లో వెతికి రేటు చూసి "మూడొందల డాలర్లా బావా!" అన్నాడు. సగం నేనిస్తా కొనరా అన్నా.