మావ్లిన్నాంగ్‌లో ఉదయం ఆరున్నర

మేఘాలయలో షిల్లాంగ్ నుంచి మావ్లిన్నాంగ్ దాదాపు 90 కిలోమీటర్లే అయినా, టాక్సీవాళ్లు అడిగిన బాడుగ విన్నాక, ఒక పల్లెటూరు చూడటానికి ఇంత ఖర్చు పెట్టాలా అని మాలో మాకే వాదన జరిగింది. 2003లో డిస్కవర్ ఇండియా పత్రిక ఆసియాలోకెల్లా పరిశుభ్రమైన గ్రామమని రాసినప్పటి నుంచి ఆ ఊరికి రాకపోకలు పెరిగాయి. అందరూ పొద్దున వచ్చి, అక్కడికి దగ్గర్లో బతికున్న చెట్ల వేళ్లతో అల్లిన వంతెన చూసుకుని, చీకటి పడకముందే వెళ్లిపోతారు. మేము రెండు రాత్రులు ఉన్నాం. వంతెన గురించి ఇప్పటికే చాలామంది రాశారు కనుక దాని జోలికి పోను.

మొదటి రోజు తెల్లవారాక, ఆరున్నర ప్రాంతంలో, చీపుళ్ల చప్పుడుకు మెలకువ వచ్చింది. వాకిట్లోకి వచ్చి చూస్తే దారి పొడవునా పిల్లలే ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నది మా పాడేరు సంతలో కట్టలు కట్టి అమ్మే కొండచీపురే. ఇక్కడివాళ్లు దాన్ని పంటగా పండిస్తారు. ఏడెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె నడిదారి ఊడ్చాక చీపురు పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని, రాళ్ల అంచులకు అతుక్కున్న తడి ఆకులను వేళ్లతో ఒక్కొక్కటిగా ఒలిచి తీసింది. తర్వాత ఇంటి ముందున్న, అడుగున సన్నగా పైన వెడల్పుగా అల్లిన వెదురు చెత్తబుట్టను బోర్లించి, అల్లికలో ఇరుక్కున్న చాక్లెట్ కాగితాన్ని పుల్లతో పొడిచి బయటికి లాగింది. ఆకులు ఎరువు గుంటకు, కాగితం వేరే కుప్పకు వెళ్లాయి. పని ముగించుకుని పిల్లలంతా బడికి తయారవడానికి ఇళ్లలోకి వెళ్లిపోయారు.

పది గంటలకు కార్లు వచ్చాయి. నాలుగడుగుల దూరంలో బుట్ట కనిపిస్తున్నా, ఒక పెద్దమనిషి ఖాళీ చిప్స్ పొట్లాన్ని సరిగ్గా ఆ రాళ్ల అంచునే పడేశాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. మేము దిగిన ఇంటావిడ మాత్రం ఒక్క మాట అనకుండా వెళ్లి దాన్ని తీసి బుట్టలో వేశారు.

ఆ సాయంత్రం, పిల్లలకు ఇందుకు ఏమైనా ఇస్తారా అని అడిగాను. ఆవిడకు నా ప్రశ్న అర్థం కాలేదు. వచ్చీరాని హిందీలో, "మీ ఊళ్లో ఎవరు ఊడుస్తారు?" అని ఎదురు అడిగారు. మున్సిపాలిటీ వాళ్లని చెప్పాను కానీ, నా మనసు నేను చదివిన బడికి వెళ్లిపోయింది. అక్కడ కూడా పిల్లలే ఊడ్చేవారు. అయితే వంతులు పేరుకే ఉండేవి, చీపురు ఎప్పుడూ ఒకే పేటనుంచి వచ్చే నలుగురైదుగురి చేతుల్లోనే కనిపించేది. మేమంతా బయట ఆడుకుంటూ దుమ్ము తగ్గేదాకా ఎదురుచూసేవాళ్లం. పిల్లలతో ఊడిపిస్తారా అని మన దగ్గర తల్లిదండ్రులు గొడవపడితే నేను తప్పుపట్టలేను, ఎందుకంటే మన దగ్గర ఆ పని ఎవరి మీద పడుతుందో వాళ్లకు తెలుసు. మావ్లిన్నాంగ్‌లో నన్ను కదిలించింది దారుల శుభ్రం కన్నా, ఏ ఇంటి పిల్లలకూ ఆ పనినుంచి మినహాయింపు లేకపోవడమే.

మర్నాడు మా అమ్మాయి కూడా ఒక చీపురు అడిగి తీసుకుంది. నడిదారి ఊడ్చి అయిపోయిందన్నట్లు నిలబడితే, ముందురోజు ఆకులు ఏరిన ఆ పిల్ల దాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రాళ్ల అంచు దగ్గర కూర్చోబెట్టింది.