రెండు పేర్ల పిల్ల

అమెరికాలో పిల్లల పెంపకం గురించి మనవాళ్లు రాసేవి నేనూ చదువుతుంటాను. ఆదివారం తెలుగు బడి, సాయంత్రం కూచిపూడి, గుళ్లో పులిహోర, మధ్యలో పిల్లలు మన మాట మరిచిపోతున్నారన్న బెంగ. ఆ బెంగ నాకూ ఉంది కానీ, మిగతావేవీ మాకు లేవు. అసలు మా ఊరికి రోడ్డే లేదు.

మేముండే క్వెత్‌లుక్ నైరుతి అలాస్కాలో, కస్కోక్విమ్ నదిలో క్వెత్‌లుక్ ఏరు కలిసే చోటికి దగ్గర్లో ఉన్న పల్లె. ఊరివాళ్లు యూపిక్ అనే అక్కడి ఆదివాసులు. జనాభా 800 దాకా ఉంటుంది. దగ్గరి పట్నం బెతెల్. అక్కడికి వేసవిలో పడవలు, చలికాలంలో గడ్డకట్టిన నది మీద స్నోమెషీన్లూ (మంచు మీద నడిచే మోటారు బళ్లు), కార్లూ తిరుగుతాయి. నది గడ్డకడుతున్నప్పుడూ, కరిగేటప్పుడూ చిన్న విమానమే దిక్కు. ఆంకరేజ్ వెళ్లాలంటే బెతెల్ నుంచి మరో 400 మైళ్లు, అదీ గాల్లోనే.

నేనిక్కడి బళ్లో లెక్కలు చెబుతాను. వీసా మీద వచ్చిన టీచర్లు ఈ డెల్టాలో చాలామందే ఉన్నారు, ఎక్కువగా ఫిలిప్పీన్స్ వాళ్లు. మా పాప పెరుగుతున్నది మాత్రం యూపిక్ పిల్లల మధ్య. వీడియో కాల్లో మా అమ్మ "అన్నం తిన్నావా తల్లీ?" అంటే ఇది కనుబొమలు పైకెత్తి ఊరుకుంటుంది. ఇక్కడ "ఊఁ" అనడం అలాగే. వద్దంటే ముక్కు చిట్లిస్తుంది. "పిల్లకి వినపడుతోందటే?" అని అమ్మ ఎంత కంగారు పడిందో!

దీనికి మా అత్తగారి పేరు పెట్టాం. ఆవిడ చనిపోయిన ఏడాదే ఇది పుట్టింది. మావారు పేరు పెట్టి పిలవరు, కసురుకోరు, "అమ్మా" అనే అంటారు. మన ఇళ్లల్లో ఇది మామూలే. ఇక్కడికొచ్చాక ఒక చలికాలంలో, మా పక్క వరసలో ఉండే మామ్మగారి చెల్లెలు పోయింది. కొన్నాళ్లకి మామ్మగారు మా ఇంటికొచ్చి, టీ తాగి, ఆ చెల్లెలి పేరు మా పాపకి ఇస్తున్నానంది. అడగలేదు, చెప్పింది. అప్పట్నుంచి దీన్ని "చెల్లీ" అనే పిలుస్తుంది. ఆవిడ మనవడు, ఊళ్లో సగం స్నోమెషీన్లు బాగుచేసే నలభై ఏళ్ల మనిషి, ఆరేళ్ల దీన్ని "మామ్మా" అంటాడు. మా అమ్మాయికి ఎక్కడ లేని పెత్తనం వచ్చేసింది. అతను టోపీ లేకుండా కనిపిస్తే గదమాయిస్తుంది, అతను బుద్ధిగా పెట్టుకుంటాడు.

పోయినావిడకి ఇష్టమైనవన్నీ ఇప్పుడు దీనికే వస్తాయి. ఎండు చేప, అల్లిన గ్లవ్స్, ముందు పెద్ద జేబున్న పువ్వుల గుడ్డ పైచొక్కా, కస్పెక్ అంటారు. "సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టినట్టేగా" అన్నారు మావారు. కావచ్చు. కాకపోతే మనం పటం ముందు పెడతాం, ఇక్కడ ఆ బట్ట తొడుక్కున్న పెద్దావిడ మంచులో గంతులేస్తుంటుంది.

తీసుకోవడం ఒక్కటే అయితే దీనికి బాగానే ఉండేది. వేసవి చివర్లో టండ్రా మీద, అంటే ఇక్కడి చెట్లు లేని చలినేల మీద, నారింజ రంగు సాల్మన్‌బెర్రీలు పండుతాయి. తనంతట తను మొదటిసారి గిన్నెడు ఏరుకొచ్చింది. మొదటి వేటైనా, మొదటి పళ్లైనా పెద్దవాళ్లకి పంచెయ్యాలన్నది ఇక్కడి పద్ధతి. విషయం తెలిసి గిన్నెని పొట్టకి అదుముకుని ఒకటే ఏడుపు. నేనైతే కూర్చోబెట్టి అరగంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. మామ్మగారు ఒక్క ముక్క మాట్లాడలేదు. చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. నాలుగో గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఇదే ముందు పరిగెత్తి తలుపు తడుతోంది. ఒకావిడ ఆ పళ్లని కొవ్వూ పంచదారా గిలక్కొట్టిన అకూతక్‌లో కలిపి దీనికే ఒక గిన్నె తిరిగిచ్చింది.

ఈ ఊరికి ఇవ్వడం పెద్ద విషయం. ఇక్కడి మంత్రసాని ఓల్గా మైకేల్, పేదింటి పిల్లలకి బట్టలు కుట్టిపెట్టిన మనిషి, 1979లో పోయారు. 2025 జూన్‌లో ఆర్థడాక్స్ చర్చి ఈ ఊళ్లోనే ఆవిడని సెయింట్‌గా ప్రకటించింది.

ఇదంతా చూసి ఇక్కడి పిల్లల పెంపకం సాఫీగా సాగిందనుకోకండి. ఒకప్పుడు పల్లెల్లో హైస్కూళ్లు ఉండేవి కావు. పిల్లల్ని సిట్కాకీ, ఒరెగాన్‌లోని చెమావాకీ, వందల మైళ్లు, వేల మైళ్ల దూరపు హాస్టళ్లకి పంపేవారు. యూకాన్ నది ఒడ్డు పల్లె ఇమానక్ అమ్మాయి మాలీ హూచ్ పేరు మీద నడిచిన కేసు 1976లో రాజీకొచ్చాకే 126 పల్లెల్లో హైస్కూళ్లకి ప్రభుత్వం ఒప్పుకుంది. అంతకుముందు తరం వాళ్లకి బళ్లో యూపిక్ మాట్లాడితే దెబ్బలే. నేను చదివిన కాన్వెంట్లో తెలుగు మాట్లాడితే ఫైను. వాళ్లని పట్టుకెళ్లి మరీ చేశారు, మా నాన్న ఫీజు కట్టి మరీ చేయించారు. ఈ మాట మామ్మగారికి చెబితే నమ్మలేదు. "ఎవరూ బలవంతం చెయ్యకుండానేనా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

ఇంట్లో రోజూ రాత్రి గుణింతాలు రాయిస్తున్నాను. తెలుగు నావంతు, మిగతాది ఊరి వంతు. మావారు డల్లాస్‌లో ఉద్యోగాలు చూస్తూనే ఉన్నారు, అక్కడ గుడీ, బడీ, గోంగూరా అన్నీ ఉంటాయని. టీచర్లు వచ్చిపోతుంటారని ఊరికీ తెలుసు. వసంతం రాగానే "వచ్చే ఏడాది ఉంటారా?" అని అందరూ అడుగుతారు. ఈసారి మామ్మగారు అడగలేదు. వేసవిలో మేం రాజమండ్రి వెళ్తున్నామని తెలిసి, చెల్లెలి కొత్త అమ్మమ్మకి ఇమ్మని ఎండు సాల్మన్ కట్ట తెచ్చింది. కింగ్ సాల్మన్ తగ్గిపోయి, కొన్నేళ్లుగా నదిలో వల వెయ్యడానికి గంటలు లెక్కగట్టి అనుమతిస్తున్న రోజులివి. అలాంటప్పుడు ఒక కట్టంటే మాటలు కాదు. అమ్మకి ఫోన్లో చెప్పాను. గోదావరికి ఎదురీదొచ్చే పులస తప్ప ఇంకోటి చేపే కాదంటుంది ఆవిడ. కాసేపాగి, "ఇదీ ఏటికి ఎదురీదేదేనా?" అంది.

అవునన్నాను. అయితే పులుసుకి చింతపండు నానబెడతానంది.