మంచి పేరు పొందిన శిష్యుడు: లుస్త్ర యువకుడు తిమోతి

బైబిలులోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మొదటి అయిదు వచనాలలో ఆ గ్రంథకర్త లూకా ఒక యువకుణ్ణి మనకు పరిచయం చేస్తాడు. తల్లి విశ్వసించిన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు, ఊరు లుస్త్ర. పౌలు రెండవ సువార్త ప్రయాణంలో సీలతో కలిసి ఆ ఊరికి వచ్చినప్పుడు తిమోతిని తనతో తీసికొని వెళ్లగోరాడు. ఇంత పెద్ద నిర్ణయం జరిగిన చోట తిమోతి పలికిన మాట ఒక్కటైనా లూకా రాయలేదు. దమస్కు మార్గంలో పౌలుకు కలిగినటువంటి దర్శనం అతనికి కలిగిందని కూడా చెప్పలేదు. అతని గురించి లూకా ముఖ్యంగా చెప్పినది ఇదే: "అతడు లుస్త్రలోను ఈకొనియలోను ఉన్న సహోదరులవలన మంచిపేరు పొందినవాడు."

లుస్త్రకు ఈకొనియ సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది, అంటే కాలినడకన ఒక రోజు ప్రయాణం. సొంత ఊరివారు మెచ్చుకోవడం ఒక ఎత్తు, పొరుగు పట్టణపు సంఘం కూడా అదే మాట చెప్పడం మరొక ఎత్తు. ఈ యువకుడు ఆ రెండు సంఘాల మధ్య తిరుగుతూ, ఎవరూ పంపకముందే ఏదో ఒక పరిచర్య చేస్తూ ఉండి ఉంటాడని నాకు అనిపిస్తుంది. తర్వాతి కాలంలో పౌలు తిమోతికి రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, ప్రవచనాన్ని గూర్చీ, పెద్దల హస్తనిక్షేపణను (చేతులుంచి ప్రార్థించడాన్ని) గూర్చీ ప్రస్తావన కనిపిస్తుంది. కానీ లూకా మాత్రం సహోదరుల సాక్ష్యాన్నే ముందుంచాడు. ఈనాడు మన ఉజ్జీవ సభలలో, యువజన కూడికలలో ఒక్క సాయంత్రపు ఆహ్వానానికి లేచి నిలబడి సేవకు సమర్పించుకునే యవనస్థులను చూచి సంతోషిస్తాము. అది సంతోషించదగినదే. అయితే వారిని గురించి వారి ఇరుగుపొరుగు విశ్వాసులు ఏమంటున్నారని అడిగి తెలుసుకునే అలవాటు మన సంఘాలలో తగ్గిపోయింది, ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఆ సాక్ష్యానికి వెనుక ఒక ఇల్లు ఉంది. అవ్వయైన లోయిలోను, తల్లియైన యునీకేలోను మొదట వసించిన నిష్కపటమైన విశ్వాసమే తిమోతిలోనూ ఉన్నదని పౌలు రాశాడు. బాల్యం నుండి లేఖనాలు ఎరిగినవాడని కూడా చెప్పాడు. ఆ తల్లికి పౌలు వెంట వెళ్లడం అంటే ఏమిటో తెలియకపోలేదు. మొదటి ప్రయాణంలో లుస్త్ర ప్రజలు పౌలు తోటి ప్రయాణికుడైన బర్నబాను ద్యుపతి అనీ, పౌలును హెర్మే అనీ తమ దేవతల పేర్లతో పిలిచి బలి అర్పించబోయారు. ఆ తర్వాత అంతియొకయ నుండి, ఈకొనియ నుండి యూదులు వచ్చి జనసమూహాన్ని తమవైపు తిప్పుకొని, పౌలు మీద రాళ్లు రువ్వి, చనిపోయాడనుకొని ఊరి వెలుపలికి ఈడ్చివేశారు. ఆ రోజు పౌలు చుట్టూ నిలిచిన శిష్యులలో తిమోతి ఉన్నాడని లూకా చెప్పడు గాని, ఆ హింసలు అతనికి బాగా తెలిసినవేనని రెండవ తిమోతి పత్రిక చెబుతుంది. పౌలును రాళ్లతో కొట్టిన ఊరిలోనే ఉంటూ, ఆ పౌలు వెంటే కుమారుణ్ణి సాగనంపిన యునీకేను గురించి మన ప్రసంగాలలో వినవలసినంతగా వినడం లేదు.

ఇక పౌలు తిమోతికి సున్నతి చేయించిన సంగతి చాలామంది చదువరులను ఆపివేస్తుంది, ఆపవలసినదే. అన్యజనులలో నుండి వచ్చిన విశ్వాసులు సున్నతి పొందనక్కరలేదని యెరూషలేములోని అపొస్తలులు, పెద్దలు అప్పుడే తీర్మానించారు. ఆ విధులను పట్టణ పట్టణాన అందిస్తూ వెళ్తున్న పౌలే తిమోతికి సున్నతి చేయించాడు. తన జతపనివాడు, గ్రీసు దేశస్థుడైన తీతు విషయంలో మాత్రం అతడు ఏమాత్రం లోబడలేదు. అక్కడ రక్షణకు సున్నతి అవసరమని కొందరు పట్టుబట్టారు, ఇక్కడ అటువంటి పట్టుదల ఎవరిదీ కాదు. యూదురాలి కుమారుడై ఉండి సున్నతి లేనివాడు సమాజమందిరంలో నిలబడి మాట్లాడితే వినేవారుండరు, అతని తండ్రి ఎవరో ఆ ప్రాంతపు యూదులందరికీ తెలుసు. దీనిని రాజీ అనడానికి నా మనస్సు ఒప్పుకోదు. తన రక్షణకు అవసరం లేని ఒక బాధను, ఇతరులు సువార్త వినడానికి అడ్డు ఉండకూడదన్న ఒకే కారణంతో, ఒక యువకుడు తన శరీరంలో భరించాడు. ప్రయాణపు మొదటి అడుగుకు ముందే అతడు చెల్లించిన వెల అది.

ఆ తర్వాత త్రోయ, ఫిలిప్పీ, థెస్సలొనీక, బెరయ, కొరింథు. శ్రమలలో కదిలిపోకుండా స్థిరపరచడానికి థెస్సలొనీకయులయొద్దకు పౌలు అతనినే పంపాడు. ఆరు పత్రికల ఆరంభంలో పౌలు పేరు పక్కన తిమోతి పేరు ఉంది. అతడు గట్టి శరీరం గలవాడు కాడు, తరచుగా బలహీనతలు ఉండేవి. అతడు నిర్భయుడై ఉండేలా చూచుకొమ్మని కొరింథీయులకు పౌలు రాయవలసి వచ్చింది. ఎన్నో సంవత్సరాల పరిచర్య తర్వాత కూడా "నీ యౌవనమునుబట్టి ఎవడును నిన్ను తృణీకరింపనియ్యకుము" అని ధైర్యం చెప్పించుకున్నాడంటే, లుస్త్ర విడిచిన నాటికి ఎంత చిన్నవాడై ఉంటాడో ఊహించవచ్చు.

అటువంటివాణ్ణి ఫిలిప్పీ సంఘానికి పంపబోతూ, అందరూ తమ సొంత కార్యాలనే చూచుకుంటున్న వేళ మీ క్షేమాన్ని గూర్చి నిజంగా చింతించేవాడు ఇతని వంటివాడు నాయొద్ద మరెవడూ లేడని పౌలు రాశాడు. తండ్రికి కుమారుడు సేవ చేసినట్లు తనతో కూడ సేవ చేశాడని చెబుతూ, అతని యోగ్యత ఎటువంటిదో మీకే తెలుసునన్నాడు. అప్పటికి ఫిలిప్పీ ఉన్న మాసిదోనియలోనివారు కూడా అతణ్ణి గురించి స్వయంగా సాక్ష్యం పలకగలిగి ఉన్నారు.